మంచికి ఎన్ని మాటలు

కొండ మీద ఆకుమందు ఇచ్చే మనిషి ఒకామె ఉండేది. వానలు వెలిశాక ఆ కొండను రాయి కోసం తవ్వుతారని తెలిసింది. జ్వరానికి వాడే ఒక ఆకు అక్కడ తప్ప ఇంకెక్కడా మొలవదు. దాన్ని కాపాడమని అడగడానికి పట్నంలో తవ్వకాలకు అనుమతి ఇచ్చే పండితుల సభకు వెళ్ళింది. సభవారు మందు గుణాన్ని ఇంగ్లీషు మాటలో చెబితేనే వింటారు. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు మాట ఒక్కటే.

"ఈ ఆకు గుడ్," అంది.

"గుడ్ అంటే? తినడానికా, చూడటానికా?" అన్నాడు సభ పెద్ద. అందరూ నవ్వారు.

ఆ వీధి చివర, ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పిన ముసలావిడ ఒకరు ఉండేవారు. ఆకుమందు మనిషి ఆవిడ దగ్గర చేరి, గుడ్ లాంటి మాటలు పన్నెండు కంఠతా పట్టింది. పట్టీపట్టగానే సభకు పరుగెత్తింది.

"ఈ ఆకు గుడ్, నైస్, ఫైన్, ఎక్సలెంట్, ఎఫెక్టివ్, పర్ఫెక్ట్..."

"సంతలో తైలం అమ్ముతున్నావా అమ్మా?" అన్నాడు పెద్ద.

కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి వచ్చింది.

"పెట్టెలో చీరలన్నీ ఒకదాని మీద ఒకటి చుట్టుకుని పెళ్ళికి వెళ్తామటే?" అంది ముసలావిడ. "అన్నీ చీరలే. దేని వేళ దానిది. సరే, చెప్పు. నీ ఆకుతో జ్వరం పోతుందా, తగ్గుతుందా? పోతే క్యూర్. తగ్గితే రిలీఫ్."

ఆమె అమ్మ, అమ్మమ్మ, అందరూ ఆ ఆకు మంచిదనే అన్నారు. ఏ మంచో ఎవరూ అడగలేదు, తెలుగులో కూడా.

కొండకు తిరిగి వెళ్ళింది. వానలు కురిసినన్నాళ్ళూ జ్వరపడ్డవాళ్ళ పక్కనే కూర్చుంది. నేర్చిన ప్రతి మాటనూ వాళ్ళ ఒంటి వేడితో సరిచూసుకుంది. చాలా మాటలు జారిపోయాయి. ఒక్కటే నిలిచింది.

వానలు వెలిసిన మర్నాడు మూడోసారి సభలో నిలబడింది.

"ఈ ఆకు క్యూర్ కాదు," అంది. "రిలీఫ్. అదీ ఒక్క పూటే. ఆ పూటలో బిడ్డను భుజాన వేసుకుని కొండ దిగి ఆసుపత్రికి చేరుకోవచ్చు."

సభ పెద్ద కలం తీసి, తవ్వకం ఆపమని ఆజ్ఞ రాయసాగాడు. మధ్యలో ఆగాడు.

"ఇంగ్లీషులో ఈ ఆకుకు పేరు లేదు. మీరేమంటారు?"

"నీళ్ళగొడుగు."

"నీల్లగొడుగు," అన్నాడాయన.

"నీళ్ళ. నాలుక ఇంకాస్త వెనక్కి మడవండయ్యా."

ఆయన మళ్ళీ అన్నాడు. వెనక వరుసల పండితులూ గొంతు కలిపారు, తప్పుగానే. ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

"ఇంకోసారి," అంది.