చొక్కా తొడుక్కున్న హనుమంతుడు

మా గురువుగారు సన్యాసిదాసు గారికి ఒక అలవాటుండేది. శిష్యుడు ఏదడిగినా "సరే" అనేవారు. వద్దని చెప్పడం, ఎందుకు వద్దో వివరించడం ఆయనకు చేతకాదో, ఒట్టి బద్ధకమో, ముప్ఫై ఏళ్ళు ఆయన పక్కన హార్మోనియం వాయించిన నాకే తెలియదు. మేము మాత్రం ఆ "సరే" వింటే హడలిపోయేవాళ్ళం. తిట్టే గురువు దగ్గర తల వంచుకుంటే సరిపోతుంది. సరే అన్న గురువు దగ్గర మన తప్పు మనమే చేసి చూసుకోవాలి.

రాజాంలో ఆయన దగ్గర హరికథ నేర్చుకున్నవాళ్ళలో గొంతున్నవాడు జోగారావు. గొంతుకు తగ్గ ఒళ్ళు. నూట ఇరవై కిలోల మనిషి పట్టుపంచె బిగించి, కాళ్ళకు గజ్జెలు కట్టి, మెడలో పూలదండతో, చేతిలో చిడతలతో వేదికెక్కితే, నోరు తెరవకముందే సగం జనం చప్పట్లు కొట్టేసేవారు. హరిదాసుకు చొక్కా ఉండదు కదా, ఆ బొజ్జే అతనికి ఆభరణం. తర్వాత షుగరు పట్టుకుంది. కాలివేలి మీద పుండు ఎన్నాళ్ళకీ మానలేదు. "బరువు తగ్గకపోతే గజ్జె కట్టుకోడానికి కాలుండదు" అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఇక చూడండి, గారెలంటే ప్రాణం విడిచే జోగారావు నోరు కట్టుకున్నాడు. రెండేళ్ళు అంబలి తాగి, తెల్లారకుండా లేచి రోడ్డు పట్టుకు నడిచి, యాభై కిలోలు దించేశాడు. పుండు మానింది, షుగరు లొంగింది.

ఒళ్ళయితే తగ్గింది గాని తోలు తగ్గలేదు. పొట్ట మీది చర్మం మడతలు పడి పంచె ముడి మీదికి జారింది. జబ్బల కింద వేలాడింది. అడుగు వేస్తే ఒకచోట, చిడత కొడితే ఇంకోచోట ఊగేది. నూనెలు రాశాడు, దండీలు తీశాడు. మడతల్లో చెమటకు ఒరుసుకుపోతుంటే పౌడరు అద్దుకునేవాడు. ఆపరేషన్ చేసి తీసెయ్యచ్చునట, కాని షుగరు ఇంకో ఏడాది ఇలాగే అదుపులో ఉంటే అప్పుడు చూద్దామన్నాడు డాక్టరు. అప్పటికే పద్నాలుగు నెలలుగా అతను వేదికెక్కలేదు. ఇంట్లో కూడా బనీను విప్పడం లేదని, కథ లేకపోతే ఈ మనిషి మనిషిలా ఉండడని, వాళ్ళావిడ నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ ఏడాది శ్రీరామనవమికి గంగన్నవలస నుంచి పిలుపొచ్చింది. మూడు సాయంత్రాలు సుందరకాండ, జోగారావే చెప్పాలన్నారు. అతను వచ్చి గురువుగారి ముందు కూర్చున్నాడు.

"లావుగా ఉన్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు పట్టుకుందో నాకే తెలీదండి. చొక్కా తొడుక్కుని కథ చెప్పొచ్చాండీ? కూడదంటే చెప్పండి, గజ్జెలు మీ పాదాల దగ్గర పెట్టేసి వెళ్ళిపోతాను."

"సరే, తొడుక్కో" అన్నారు గురువుగారు.

మొదటి రోజు సముద్ర లంఘనం నుంచి సీతమ్మకు ఉంగరం ఇచ్చేదాకా. జోగారావు మోకాళ్ళ దాకా వచ్చే పట్టు జుబ్బా, దాని మీద దండ, దాని కింద గజ్జెలతో పందిట్లోకొచ్చాడు. పెళ్ళికొడుకు తప్పిపోయి వచ్చినట్టున్నాడు. గురువుగారు వేదిక పక్కన కుర్చీలో కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుకుంటున్నారు. గొంతు బాగానే లేచింది. కాని అది చైత్రమాసం, పైగా గాలి లేదు. పావుగంటకే జుబ్బా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఏది దాచాలనుకున్నాడో దాన్నే గీతలు గీసినట్టు చూపించడం మొదలెట్టింది. అతను ఎడంచేత్తో దాన్ని లాక్కుంటున్నాడు. మళ్ళీ అంటుకుంటోంది. మళ్ళీ లాగుతున్నాడు. మహేంద్రగిరి మీద హనుమంతుడు ఒళ్ళు పెంచే ఘట్టం వచ్చింది. చెయ్యి ఆకాశానికి ఎత్తాలి. ఎత్తితే జుబ్బా లేస్తుందని భుజం దాకా ఎత్తి ఆపేశాడు. మా హనుమంతుడు భుజం దాకానే పెరిగాడు పాపం.

ముందు వరసలో పైడమ్మ అని ఒక ముసలావిడ. ఆ ఊళ్ళో ఏ కథయినా ఆమె వచ్చి కూర్చున్నాకే మొదలవుతుందట. చాలాసేపు చూసింది, ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏటి బావూ, సముద్దరం దాటతా హనుమంతుడు సొక్కా సవరించుకుంటాడేటి?"

పందిరంతా గొల్లుమంది. నా వేళ్ళు హార్మోనియం మెట్ల మీద ఆగిపోయాయి. హరికథలో ఒక మర్యాద ఉంది. సభలోంచి మాట వస్తే దాసు జవాబు చెప్పి తీరాలి, వినబడనట్టు కథ నడపకూడదు. జోగారావు గురువుగారి వైపు చూశాడు. ఆయన విసనకర్ర ఈనె ఏదో ఊడిందని సరిచేసుకుంటున్నారు. మహానుభావుడు, తలెత్తితే ఒట్టు!

జోగారావు పైడమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, ఈ హనుమంతుడు మూడేళ్ళ కిందట నూట ఇరవై కిలోలు. యాభై కిలోలు ఇవతల ఒడ్డున దించేశాడు. బరువు పోయింది గాని సంచీ మిగిలిపోయింది. అది మీరంతా చూస్తారని దాచుకుంటున్నాడు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"సంచుంటే ఉన్నీ బావూ! అక్కడ సీతమ్మ ఏడస్తన్నాది. ముందు నువ్వు దూకు!" అంది పైడమ్మ. ఆమెకు నిజంగానే కోపం వచ్చింది.

జోగారావు దండ తీసి నా హార్మోనియం మీద పెట్టాడు. జుబ్బా విప్పి నా ఒళ్ళోకి విసిరాడు, దండ మళ్ళీ వేసుకున్నాడు. చూశారు, ఎందుకు చూడరు? ముందున్న ఇద్దరాడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు, వెనక ఎవరో "అయ్యో" అన్నారు. అతను చిడత కొట్టి రెండు చేతులూ ఎత్తి దూకాడు. పద్నాలుగు నెలలు బిగబట్టిన గొంతు, ఆ గంగన్నవలస పందిట్లో పలికింది. ఒంటి మీద ప్రతి మడతా ఊగుతూనే ఉంది, అతనికి పట్టలేదు. అశోకవనంలో సీతమ్మకు ఉంగరం ఇచ్చేసరికి పైడమ్మ ముక్కు చీదుతోంది. నేను సిగ్గులేకుండా ఏడ్చి రెండుచోట్ల శ్రుతి తప్పాను.

మంగళం పాడాక పానకం పంచుతుంటే ఆడవాళ్ళంతా జోగారావును చుట్టేశారు. అంబలి ఎన్నిపూటలు తాగాడు, అన్నం బొత్తిగా మానేశాడా, మా ఆయనకీ షుగరే నాయనా, ఇవే ప్రశ్నలు. ఉత్త ఒంటిమీద తువ్వాలైనా వేసుకోకుండా నిలబడి ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పాడు.

జనం పల్చబడ్డాక గురువుగారి దగ్గరికొచ్చి కింద కూలబడ్డాడు.

"అందరూ చూసేశారు కదండీ" అన్నాడు.

"చూశార్రా" అన్నారు గురువుగారు. "రేపు గంట ముందే మొదలెట్టమంటున్నారు."