మోకు పట్టిన మాంత్రికుడు

అనగనగా ఒక రాజు. సముద్రం ఒడ్డున పగడాలరేవు అనే పట్నాన్ని ఏలే రాజు. పేరు జలధిసేనుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఖడ్గసేనుడు, కత్తి పక్కన లేనిదే అన్నానికి కూర్చోడు. రెండోవాడు గ్రంథసేనుడు, పుస్తకం చేతిలో లేనిదే స్నానానికి వెళ్ళడు. మూడోవాడు తరంగసేనుడు. వాడికి కత్తీ అక్కర్లేదు, పుస్తకమూ అక్కర్లేదు. పొద్దున లేస్తే రేవులో ఉంటాడు, పొద్దుగూకినా రేవులోనే ఉంటాడు.

మరి ఆ రేవు అలాంటిదర్రా! పూర్వం అక్కడ ఉత్త ఇసుకా, నాలుగు జాలరి గుడిసెలూ ఉండేవట. ఒకనాడు గాలివానకి పెద్ద ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఒడ్డు దగ్గర కూరుకుపోయింది. ఓడలో ఏడు దేశాల మనుషులు. ఒకరి మాట ఒకరికి తెలియదు. జాలర్లు ఇంత లావు తాడు, అదే మోకు, విసిరారు. ఓడలోవాళ్ళూ దిగి పట్టుకున్నారు. అందరూ కలిసి ఓడని పైకి లాగారు. ఆ వచ్చినవాళ్ళు మళ్ళీ పోలేదు. ఒకడు కుండలు చేశాడు, ఒకడు గుడ్డలకి రంగులద్దాడు, ఒకడు అత్తరు అమ్మాడు, ఒకడు కంచుగంటలు పోత పోశాడు. వీధికో భాష, వీధికో వంట. పట్నం అలా పుట్టింది.

అందుకే అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఓడని గానీ వలని గానీ ఒడ్డుకి లాగుతుంటే అక్కడున్న ప్రతివాడూ మోకు మీద చెయ్యి వెయ్యాలి. రాజైనా సరే, బిచ్చగాడైనా సరే. చెయ్యి వేసినవాడికి ఆ పూట చేపల పులుసుతో భోజనం. నీ పేరేమిటి, ఊరేమిటి అని అడిగేది భోజనం అయ్యాకే.

లాగేటప్పుడు పాట ఎత్తేది నూకాలు. వలపేటలో జాలరిపెద్ద అప్పలస్వామి కూతురు. ఆ పిల్ల "లాగండన్నా!" అంటే ఊరు ఊరంతా "హైలెస్సా!" అనేది. మన తరంగసేనుడు మోకు పట్టేది సగం ఓడ కోసం, సగం ఆ గొంతు కోసం. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను.

ఇలా ఉండగా ఒకరోజు జంభకేతుడనే మాంత్రికుడు ఒడ్డున నడుస్తూ వచ్చాడు. మోకాళ్ళ దాకా గడ్డం, మెళ్ళో పులిగోళ్ళు. సరిగ్గా అప్పుడే ఓడ లాగుతున్నారు.

"తాతా, చూస్తూ నిలబడ్డావేం? రా, చెయ్యి వెయ్యి!" అంది నూకాలు.

"ఏమే పిల్లా! అరవైనాలుగు విద్యలు తెలిసినవాణ్ణి. ఈ చేపకంపు తాడు నేను పట్టుకోవాలా?"

"విద్యలు తర్వాత చూద్దువు గానీ, ముందు మోకు పట్టుకో తాతా! పులుసులో నీకు తలకాయ వేయిస్తాను."

జనం కడుపుబ్బ నవ్వారు. మాంత్రికుడికి ఒళ్ళు మండిపోయింది. పిడికెడు ఇసుక తీసి, మంత్రం చదివి, ఏరు సముద్రంలో కలిసే చోట విసిరాడు. అంతే! బుసబుసమంటూ ఇసుక లేచి దిబ్బయి కూర్చుంది. లోపలి ఓడలు లోపలే, బయటి ఓడలు బయటే ఉండిపోయాయి.

"ఇంక లాగండి, ఏం లాగుతారో చూస్తాను!" అని ఆ దిబ్బ మీదే గొడుగు వేసుకుని, అటుకులూ బెల్లం నములుతూ కూర్చున్నాడు.

ఒక నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి. ఓడ రాని రేవులో ఎవరుంటారు? అత్తరువాళ్ళు పోయారు. గంటలవాళ్ళు పోయారు. చివరికి వలపేటవాళ్ళు కూడా, వచ్చే పున్నమికి వేరే ఒడ్డు చూసుకుంటామని మూటలు కట్టారు.

"నువ్వూ పోతావా నూకాలూ?" అని అడిగాడు తరంగసేనుడు.

"ఉండమంటే ఏం తిని ఉండను బాబూ? నాకు మాత్రం పోవాలని ఉందా?" అని నూకాలు ఏడ్చేసింది. తరంగసేనుడికి గుండె చెరువైపోయింది. ఊరు పోతే పోయేది ఓడలూ మేడలే కాదు, ఆ పిల్ల కూడా పోతుంది.

రాజు కొడుకుల్ని పిలిచాడు. "ఏడు సముద్రాలు దాటి అయినా సరే, వీడి పీడ వదిలించే ఉపాయం తెండిరా!"

పెద్దవాడు కత్తి దూసి, బయట ఆగిన ఓడ ఒకటెక్కి బయలుదేరాడు. ఉప్పు సముద్రం సగం దాటకుండానే వాంతులు పట్టుకుని, నిమ్మకాయ వాసన చూసుకుంటూ తిరిగొచ్చాడు. రెండోవాడు పుస్తకాల పెట్టెతో బయలుదేరాడు. ఉప్పు సముద్రం దాటాడు, చెరకురసం సముద్రం చేరాడు. ఒక గ్లాసు తాగాడు, ఇంకో గ్లాసు తాగాడు, అక్కడే పడి నిద్రపోయాడు. పిలిస్తే "కాసేపాగి వస్తాను" అన్నాడట.

మూడోవాడు చిన్న తెప్ప వేసుకుని బయలుదేరాడు. ఇలా అలలు దాటాడో లేదో, ఒక ముసలి తాబేలు తల పైకెత్తింది. అదివరకు వలలో చిక్కుకుంటే దాన్ని వదిలిపెట్టింది మనవాడే.

"ఎక్కడికి నాయనా, ఒక్కడివే?"

"మాంత్రికుడి ఆయువుపట్టు వెతకడానికి, అవ్వా."

"ఓస్, అదా! వాడి ప్రాణం చిలకలో ఉంది. ఏడు సముద్రాల అవతల, తాటిచెట్టు తొర్రలో. ఎక్కు నా వీపు మీద. కానీ ఒక్కమాట వినుకో. చిలక గొంతు నులిమావా, వాడు చస్తాడు, ఇసుక మాత్రం అలాగే ఉండిపోతుంది. చిలకని ప్రాణాలతో తేవాలి."

ఉప్పు సముద్రం, చెరకు సముద్రం, కల్లు సముద్రం, నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం, ఏడూ దాటారు. నేతి సముద్రంలో అవ్వకి కాళ్ళు జారి కాస్త ఆలస్యమైంది గానీ, మిగతావి గబగబా అయిపోయాయి.

తాటిచెట్టు ఎక్కి చూస్తే తొర్రలో చిలక. రెక్కలు కత్తిరించి ఉన్నాయి, పాపం. ఎగిరిపోతుందేమోనని మాంత్రికుడే కత్తిరించాడు.

"ఎవరు నువ్వు? చంపడానికొచ్చావా, మాట్లాడడానికొచ్చావా?" అంది చిలక.

"మాట్లాడడానికే."

"అయితే మాట్లాడు! మూడొందల ఏళ్ళయింది మాట విని. పిచ్చెక్కిపోతోంది!"

తరంగసేనుడు తన పట్నం గురించి చెప్పాడు. వీధికో భాష అని చెప్పాడు, వీధికో వంట అని చెప్పాడు, నూకాలు పాట గురించి మరీ మరీ చెప్పాడు. చిలక ఆగలేకపోయింది.

"ఏడు భాషలా! నన్ను తీసుకుపో బాబూ, నీకు పుణ్యముంటుంది."

ఉత్తరీయంలో చుట్టుకుని తెచ్చాడు. రేవు బయట ఆగిన అన్నిటికన్నా పెద్ద ఓడ ఎక్కి, చిలకని తెరచాప కొయ్య మీద కూర్చోబెట్టాడు. నావికులకి సంగతంతా చెప్పి అడిగితే, "ఊరు పోయాక ఈ ఓడ మాకెందుకు బాబూ, పోనివ్వండి" అన్నారు. ఓడని నేరుగా దిబ్బ మీదికి పోనిచ్చారు.

ధడేల్! ఓడ ఇసుకలో దిగబడి పక్కకి ఒరిగింది. అలలు పైకి లేచి కొడుతున్నాయి.

"మాంత్రికుడా! ఈ కొయ్య మీద ఎవరున్నారో చూడు! ఓడ మునిగితే నేనూ పోతాను, నీ చిలకా పోతుంది!" అని అరిచాడు తరంగసేనుడు.

జంభకేతుడు చూశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క గంతులో ఒడ్డుకి దూకి, దిబ్బని కరిగించే మంత్రం ఎత్తుకున్నాడు. కానీ అక్కడ చిలక భయంతో వణుకుతుంటే ఇక్కడ వీడి నాలుక వణికిపోతోంది. "ఓం హ్రాం... ఓం హ్రూం... అబ్బే, తర్వాత ఏమిటబ్బా?" మూడుసార్లు మొదలెట్టాడు, మూడుసార్లూ మర్చిపోయాడు.

ఈలోగా నూకాలు తెప్ప మీద వెళ్ళి, ఓడకి కట్టిన మోకు కొస ఒడ్డుకి తెచ్చింది. ఉన్న జనమంతా పరుగెత్తుకొచ్చారు. వలపేటవాళ్ళు మూటలు కింద పడేసి పట్టుకున్నారు. రాజు కిరీటం జారిపోతున్నా పట్టుకున్నాడు. నిమ్మకాయ పారేసి ఖడ్గసేనుడు కూడా పట్టుకున్నాడు.

"లాగండన్నా!"

"హైలెస్సా!"

ఓడ కదల్లేదు. సగం ఊరు వెళ్ళిపోయిందాయె, చేతులు చాలలేదు.

"చిలక పడిపోతోంది! జనానికేం తోచదు, జరగండి, జరగండి!" అంటూ మాంత్రికుడు గడ్డం నడుముకి చుట్టుకుని, అందరికన్నా ముందుకొచ్చి మోకు పట్టాడు. "పాట ఎత్తవేం పిల్లా, తొందరగా ఎత్తు!" అని నూకాలుని కసిరాడు. "లాగండన్నా" అనగానే "హైలెస్సా" అని అందరికన్నా గట్టిగా అరిచింది వాడే.

మొదటి పట్టుకి ఓడ జానెడు కదిలింది. రెండో పట్టుకి బారెడు కదిలింది. మూడో పట్టుకి పెళపెళమంటూ దిబ్బని రెండుగా చీల్చుకుని వచ్చేసింది! దాని వెనకే ఏటినీళ్ళూ సముద్రపునీళ్ళూ కలిసి హోరుమని దిబ్బనంతా ఊడ్చేశాయి. వెనకాల, ఇన్నాళ్ళూ బయట ఆగిపోయిన ఓడలన్నీ తెరచాపలెత్తాయి. జనం ఎగిరి గంతులేశారు, ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు.

మాంత్రికుడు ఇసుకలో చతికిలపడి అరచేతులు చూసుకున్నాడు. రెండు చేతులకీ బొబ్బలు. నూకాలు విస్తరి వేసి అన్నం పెట్టి పులుసు పోసింది.

"తిను తాతా. మోకు పట్టావుగా."

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జన్మలో వాడికి భయపడి పెట్టినవాళ్ళే గానీ, పిలిచి పెట్టినవాళ్ళు లేరు. నాలుగుసార్లు వడ్డించుకున్నాడు. మంత్రాలు మళ్ళీ గుర్తొచ్చినా, ఎవరి మీదా వెయ్యనని సముద్రం మీద ఒట్టేశాడు. చిలక మాత్రం వాడి భుజం ఎక్కనంది. దానికి రేవులో ఏడు భాషలు మాట్లాడుకోవడానికే పొద్దు చాలడం లేదు.

"పాట ఎత్తేదానికి కోటలో పనేముంటుంది బాబూ?" అంది నూకాలు పెళ్ళిమాట వచ్చినప్పుడు.

"కోటలో ఉండమని ఎవరన్నారు? నేనే రేవులో ఉంటాను," అన్నాడు తరంగసేనుడు.

పెళ్ళి ఏడు రోజులు జరిగింది. వీధికో వంట, వీధికో పాట. చెరకు సముద్రం నుంచి గ్రంథసేనుడు కూడా కళ్ళు నులుముకుంటూ ఏడోరోజుకి వచ్చాడు. పోయినవాళ్ళందరూ కబురు విని తిరిగొచ్చారు. జలధిసేనుడు చిన్నకొడుక్కి పట్టం కట్టాడు. తరంగసేనుడూ నూకాలూ పిల్లాపాపలతో నూరేళ్ళు ఏలారు. ఆ నూరేళ్ళలో పగడాలరేవు వదిలిపోదామని మూట కట్టినవాడు ఒక్కడూ లేడు.

అంతేనర్రా. పులుసు వాళ్ళు తిన్నారు, వాసన మనకి మిగిలింది.