వాగు తప్పుకున్న వంతెన

పాలవాగుకు ఇవతల పశువుల కొట్టాలు, అవతల పచ్చిక. మధ్యలో వాగుతల్లి ఒక ఏడు ఈ గట్టును ఒరుసుకుంటూ, మరో ఏడు ఆ గట్టును ఒరుసుకుంటూ తన ఇష్టం వచ్చినట్టు పారేది. మేతకు పోవాలంటే ఈదాల్సిందే. పెద్దవాళ్లు ఎలాగో ఈదేవాళ్లు గానీ, దూడలకు ప్రాణసంకటం. అందుకని అందరూ కలిసి వంతెన కట్టాలనుకున్నారు. మేస్త్రి ఎవరయ్యా అంటే నక్క.

ఎద్దు భీమన్న, గేదె నల్లమ్మ ఎండల్లో రాళ్లు మోశారు. ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా సరిపోయేంత కుప్ప పడింది. దాన్ని చూడగానే నక్క మేస్త్రి మనసు ఊగింది. వంతెన పొట్టిదైతే రాళ్లు మిగులుతాయి. మిగిలిన రాళ్లతో తనకో చల్లని గుహ!

"అంత పొడుగు వంతెన ఎందుకర్రా? తల్లినే అడుగుదాం" అన్నాడు.

ఏ పని తలపెట్టినా వాగులో పువ్వు వదిలి, అది పోయిన తీరునే తల్లి మాటగా తీసుకోవడం వాళ్ల ఆనవాయితీ. అప్పుడు వాగు పిల్లకాలవలా సన్నగా పారుతోంది. మేస్త్రి స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఒక మందారం నీళ్లలో వదిలాడు. పువ్వు నడిమి రెండు బండల సందులోంచి మెల్లగా జారిపోయింది.

"చూశారా, నాకీ సందు చాలంది తల్లి! ఇక్కడే వంతెన. అటూ ఇటూ ఉన్న ఇసుక మీద మట్టికట్ట పోసి రోడ్డు వేద్దాం."

"మరి వరదొస్తేనో?" అంది నల్లమ్మ.

"తల్లి మాటనే అనుమానిస్తావా?"

నల్లమ్మ గబగబా చెంపలు వేసుకుంది. భీమన్నకు ఆ కుప్పంతా మళ్లీ వాగులోకి మోసే బాధ తప్పిందన్న సంబరం.

వంతెన లేచింది. అవతలి మట్టికట్టను తొలిచి, మిగిలిన రాళ్లు పేర్చి మేస్త్రి తన గుహ కూడా కట్టుకున్నాడు.

శ్రావణంలో ఒకనాడు ఆవు గౌరమ్మ దూడ వంతెన దాటి మేతకు వెళ్లింది. ఎగువన కొండల మీద వాన దంచింది. మధ్యాహ్నానికి వాగు ఎర్రగా పొంగింది. నల్లమ్మ, భీమన్న వెంటరాగా గౌరమ్మ పరుగున వచ్చి, అక్కడే నిలబడిపోయింది. వంతెన రాయి ఒక్కటీ కదల్లేదు. కానీ ఇవతలి మట్టికట్ట తెగి, వరదంతా తన కాళ్ల ముందు నుంచే పోతోంది.

"వదినా, మనం దారి తప్పి వచ్చామా?" అంది గౌరమ్మ.

"అదిగో, వంతెన అక్కడే ఉందిగా" అంది నల్లమ్మ.

"వంతెన అక్కడుంటే వాగు ఇక్కడెందుకుంది?"

"ఏమో. ఇంతకీ మనం ఏ గట్టున ఉన్నాం?" అన్నాడు భీమన్న.

ముగ్గురూ ముందుకు చూశారు, వెనక్కి చూశారు. ఏమీ తేలలేదు.

"తల్లి మాట తప్పిందంటావా?" అని నల్లమ్మ గొంతు తగ్గించింది.

"తల్లి తప్పదు వదినా. మనం అడిగినప్పుడు ఆమె నిద్రలో ఉంది, అంతే" అంది గౌరమ్మ.

అంతలో "అమ్మా!" అని కేక వినబడింది. పచ్చిక మునిగిపోవడంతో దూడ వంతెన మీదికి ఎక్కింది. పక్కనే నక్క మేస్త్రి.

"వంతెనకేం కాలేదు, కళ్లారా చూడండి!" అని అరిచాడు మేస్త్రి. "వాగు పక్కకు పోతే అందుకు నాదా పూచీ?"

భీమన్న నీళ్లలో దిగాడు. పొట్టదాకా రాగానే ఉరవడి అతన్ని ఒక్క తోపు తోసింది. ఎలాగో కాళ్లు తన్నుకుని గట్టెక్కాడు.

"వరదంతా ఈ ఒక్క గండిలోనే దూరుతోంది గౌరమ్మా. అవతలి కట్టలో కూడా దారి దొరికితే ఇక్కడ జోరు తగ్గేది."

ఆ కట్టలో మేస్త్రి గుహ ఉంది. నల్లమ్మ ఒక్క క్షణం ఆలోచించి గొంతెత్తింది.

"మేస్త్రీ, వంతెన గట్టిదేనా?"

"నూరేళ్లు ఢోకా లేదు!"

"అయితే నీకేం భయం నాయనా! కార్తీకం దాకా అక్కడే ఉండు. దూడ రాళ్ల సందుల్లో గడ్డి కొరుక్కుంటుంది. నీకే పాపం, కోడీ లేదు, పీతా లేదు."

"కార్తీకం దాకానా?"

"నీ గుహ అడ్డం తీస్తే నీళ్లు అటు కూడా పోతాయి. అప్పుడు భీమన్న వచ్చి ఇద్దరినీ తీసుకొస్తాడు. గుహ కావాలో గట్టు కావాలో నువ్వే చూసుకో."

మేస్త్రి గుహ వైపు చూశాడు. నీళ్ల వైపు చూశాడు. మళ్లీ గుహ వైపు చూశాడు. కడుపు గుర్రుమంది. ఏడుపుమొహంతో వెళ్లి, తాను పేర్చిన రాళ్లను తానే లాగడం మొదలుపెట్టాడు. కట్ట జారింది. నీళ్లు భళ్లున అటు తిరిగాయి. మేస్త్రి ఒక్క దూకుతో వంతెన మీద పడ్డాడు.

కాసేపటికి ఇవతలి నీళ్లు భీమన్న మోకాళ్లకు దిగాయి. అతను వెళ్లి దూడను తన పక్కకు ఆనించుకుని నడిపించుకొచ్చాడు. అతని వీపు మీద మేస్త్రి తోక ముడుచుకుని కూర్చున్నాడు. గౌరమ్మ బిడ్డను నాకుతూనే ఉంది.

"ఏమన్నా అనండి, నా వంతెన మాత్రం..." అని మొదలుపెట్టాడు మేస్త్రి, గట్టు మీద దిగుతూ.

"అవును నాయనా, బంగారంలాంటి వంతెన. వెళ్లి దాని మీదే పడుకుంటావా?" అంది నల్లమ్మ.

మరుసటి ఏడు వంతెనను రెండు గట్లదాకా సాగదీశారు. గట్ల బయట వేసిన రోడ్డు కట్టలో కూడా వరద పోయేందుకు తూములు వదిలారు. ఈసారి రాళ్లు మోసింది మేస్త్రి.

వాగును ఎండాకాలంలో చూసి కడితే వంతెన నిలబడుతుందేమో గానీ, దారి నిలబడదు.