మాణిక్యం గెలిచిన బెండకాయ వేపుడు

ఇటు తిరుగు. కాళ్ళు ఆడించకు. ఊఁ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తా, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక ఊళ్ళో మాణిక్యం అని ఒక కోడలు ఉండేది. పెళ్ళయిన ఏడేళ్ళకి ఆమెకి ఆడపిల్ల పుట్టింది. బంగారు బొమ్మే అనుకో. ఆ పిల్ల అన్నప్రాసనకి వచ్చిన వాళ్ళందరికీ తన చేత్తో వండి పెట్టాలని ఆమె కోరిక.

మామగారు పేర్రాజు ఒప్పుకోలేదు. ఆయనకి వేపుడంటే అప్పలస్వామి హోటల్లో బెండకాయ వేపుడే. "నీది జిగురమ్మా. నలుగురిలో నా పరువు పోతుంది. వారంలోగా హోటల్ వేపుడులా చేసి చూపించు. లేదా వంటంతా అప్పలస్వామికే అప్పజెప్తా" అన్నాడు. నాకైతే ఒళ్ళు మండేది. మాణిక్యం మాత్రం కొంగు బిగించింది.

అప్పుడు ఏం చేసిందీ, హోటల్ వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది. అప్పలస్వామి నవ్వాడు. "ఎంత చూసినా లాభం లేదమ్మా, అదంతా నా చేతి మహిమ" అన్నాడు.

మహిమా లేదు, మట్టీ లేదు. వాడు కాయల్ని ముందు కడిగి, గుడ్డ మీద ఆరబోసి, తడి పూర్తిగా పోయాకే కోస్తున్నాడు. మన మాణిక్యమేమో కోసి కడిగేది! జిగురు రాక ఏం వస్తుంది?

ఆ తర్వాత రెండో రోజు వెళ్ళింది. వెడల్పాటి మూకుడులో కాసిని కాసిని ముక్కలే వేస్తున్నాడు. మూత జోలికే పోవడం లేదు. మూడో రోజు కూడా వెళ్ళింది. ముక్క కరకరలాడేదాకా వాడు ఉప్పు ముట్టుకోలేదు. ముందే వేస్తే నీరు వదులుతుంది కదా మరి.

ఆ సాయంత్రం ఇంట్లో అలాగే చేసింది. పేర్రాజు రెండు ముక్కలు నమిలాడు. "సరే, నువ్వే వండు. కానీ అప్పలస్వామినీ భోజనానికి పిలుస్తా. వాడు బాగుందనాలి" అని మెలిక పెట్టాడు. చూశావా పెద్దమనిషి వేషాలు!

అన్నప్రాసన నాడు మాణిక్యం కోడి కూయకముందే పొయ్యి వెలిగించింది. "అన్నీ ఒక్కసారే పడెయ్యి వదినా, వేళ మించిపోతోంది" అని ఆడపడుచు గొడవ. మాణిక్యం వినలేదు. ఇరవై వాయిలు వేయించింది. చేతులు కందిపోయాయి.

అప్పుడు అప్పలస్వామి పంక్తిలో కూర్చున్నాడు. ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. పేర్రాజు వాడి మొహంలోకే చూస్తున్నాడు. మూడో ముద్ద తిని, "మారు వడ్డించమ్మా. ఇది నా దానికంటే బాగుంది" అన్నాడు.

అప్పుడు చూడాలి పేర్రాజుని. కండువా నడుముకి చుట్టి, గిన్నె తనే అందుకుని, "మా కోడలు చేసింది, మొహమాటపడకండి" అంటూ పంక్తంతా తిరిగాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు తిరిగాడు.

ఆఖరికి గిన్నెలో ఒక్క ముక్క మిగల్లేదు. మాణిక్యం పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఉత్త పప్పూ అన్నమే తింది. ఆ పూట ఆ పప్పన్నమే ఆమెకి పరమాన్నం.

కథేమో కంచికి,
కమ్మని కూరేమో కంచానికి,
కునుకేమో నీ కంటికి,
మనమేమో ఇంటికి.