నీళ్ళాయన మందిరం

గుండ్లకమ్మ ఒడ్డున, కొత్తరేవుపాలెం దాటగానే కనిపించే చిన్న ప్రార్థనా మందిరాన్ని చుట్టుపక్కల ఊళ్ళవారు 'నీళ్ళాయన మందిరం' అంటారు. సున్నం వేసిన గోడలు, పెంకుటి కప్పు, ఏటివైపు తెరుచుకునే తలుపు, దాని ముందు పొడవాటి వసారా. ఏ మతంవారైనా ఇక్కడ ఆగి సేదతీరి వెళతారు.

పూర్వం ఇక్కడ ఇసుక దిబ్బలు తప్ప ఏమీ లేవు. ఒక వేసవిలో ఈ దిబ్బలమీద పందిరి వేసి, భక్తిని మేల్కొలిపే క్రైస్తవ ఉజ్జీవ సభలు జరిపించారు. ప్రసంగించడానికి ఫిలేమోను అయ్యగారు వచ్చారు. ఆయన చెయ్యి తలమీద పడితే చాలునని జనం బండ్లు కట్టుకుని వచ్చే రోజులవి. ఆ ఘనత దేవునిదేనని మొదట్లో ఆయన నిజంగానే నమ్మేవారు. రానురాను అందులో తనకూ వాటా ఉందనిపించసాగింది. పందిరి ద్వారం మీద తన పేరు చిన్న అక్షరాలతో రాశారని సంఘ పెద్దలను అందరి ముందూ కసురుకుని, చెరిపించి మళ్ళీ పెద్దగా రాయించారు.

సభలు సగంలో ఉండగా కలరా సోకింది. చూస్తుండగానే పందిరి ఖాళీ అయింది. నడవలేనివారు మాత్రం చాపలమీద మిగిలిపోయారు. "మీకేమైనా అయితే పరిచర్య ఏం కావాలి? బయలుదేరండి అయ్యగారూ" అని వెంట వచ్చినవారు తొందరపెట్టారు. ఆయనకూ భయం వేసింది. బండి ఎక్కబోతుంటే వెనక చాపమీద నుంచి ఒక ఆడమనిషి పిలిచింది. ఆమె కోటమ్మ, ఆ ఊరి చాకలి.

"ఎవరివో ఏమో నాయనా, కాసిని నీళ్ళు పొయ్యవా?"

ఎన్నో ఏళ్ళ తర్వాత తనను ఎరగని మనిషి ఎదురైంది. ఆయన బండి దిగి, కోటు విప్పి, కాచిన నీళ్ళ కోసం పొయ్యి రాజేశారు. తోడువచ్చినవారు వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆయన ప్రసంగించలేదు. నీళ్ళు కాచారు, ఉప్పు వేసిన గంజి పోశారు, మైలబట్టలు ఉతికారు, చనిపోయినవారిని పూడ్చారు. కోటమ్మ ఒక సాయంత్రం నీరసంగా అడిగింది: "ఫిలేమోను గారని గొప్పాయన వచ్చాడంటగా, చెయ్యి పెడితే బాగవుతుందంట. ఉన్నాడా?"

ఆయన గంజి గిన్నె ఆమె నోటికి అందించారు. "వెళ్ళిపోయాడమ్మా" అన్నారు. "నేనున్నాను, తాగు."

కోటమ్మ బతికింది. జబ్బు సద్దుమణిగాక శిష్యులు పూలదండలతో తిరిగివచ్చి, బూడిద కొట్టుకున్న చేతులతో ఉన్న ఆయన కాళ్ళమీద పడ్డారు. అప్పుడు ఆమెకు సంగతి తెలిసింది.

"వెళ్ళిపోయాడని నాతో అబద్ధమాడావే నాయనా!"

"అబద్ధం కాదమ్మా. ఆ మనిషి మళ్ళీ రాకుండా చూడమని రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను. నువ్వు నన్ను పిలిచిన పూట ఆయన నామీద దయ చూపాడు."

ఆయన ఇక్కడే ఉండిపోయారు. ఊరంతా కలిసి మందిరం కట్టుకున్నప్పుడు ఏం పేరు పెట్టాలన్న మాట వచ్చింది. "ఏముంది, నీళ్ళాయనది" అంది కోటమ్మ. అదే నిలిచింది. ఆయన సమాధి వసారా పక్కనే ఉంది. దానిమీద పేరు వద్దని ఆయనే చెప్పి పోయారు.

నేటికీ వేసవి పండుగకు ఎంత పేరున్న బోధకుడు వచ్చినా, ముందు వసారాలో కూర్చున్నవారికి తన చేత్తో నీళ్ళు అందించాకే వాక్యం తెరుస్తాడు. జబ్బుపడి లేచినవారు కృతజ్ఞతగా కొత్త కుండలు తెచ్చి నింపి వెళతారు. ఆ కుండల్లో నీళ్ళు అందరివీ. దాహమైనవారు అడగనవసరం లేదు, ముంచుకుని తాగవచ్చు. దేవునికి స్తోత్రం.