మంచమెక్కిన మహారాజు

పేరు గుర్తులేదు గానీ, ఏటి ఒడ్డున ఓ రాజ్యం ఉండేది. దాన్ని ప్రచండవర్మ ఏలేవాడు. తన తెలివికి తిరుగులేదని ఆయనగారి గట్టి నమ్మకం.

ఒకనాడు కొలువులో హుంకరించాడు. "నరాల జబ్బుతో కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్ల ఇళ్లకు మన సేవకురాళ్లు వెళ్తున్నారట! ఒళ్లు తిప్పడం, గంజి పట్టడం! ఆ జబ్బు నయమవుతుందా? కాదు. అంతా దండగ. రేపటినుంచి ఆపేయండి!"

విదూషకుడు బొల్లప్ప మొహం పాలిపోయింది. "మహాప్రభూ! మీ పట్టాభిషేకానికి పంచె నేసిన మాచమ్మకు అదే జబ్బు. మన సేవకురాలు కాటమ్మ రోజుకో పూట వెళ్లి తిప్పకపోతే వీపంతా పుండైపోతుంది. కదలకుండా పడుకోవడం మాటలా?"

"పడుకోవడమూ కష్టమేనటయ్యా! ఇదిగో, ఇక్కడే మూడు గడియలు కదలకుండా పడుకుంటాను. ఓడితే ఆజ్ఞ రద్దు."

"ఎవరూ సాయం పట్టకూడదు మరి. తమ ఆజ్ఞే కదా!" అన్నాడు బొల్లప్ప.

మంచం వేశారు. రాజు దర్జాగా వెల్లకిలా పడుకున్నాడు. రాజు కొలువులో ఉండగా ఎవరూ బయటికి పోకూడదని ఆ రాజ్యంలో కట్టుబాటు. అందరూ అలాగే నిలబడ్డారు.

గడియైనా కాలేదు, ముక్కుమీద ఈగ వాలింది. రాజు బిత్తరపోయాడు. ముక్కు తనది, చెయ్యి తనది, తోలడానికి మాత్రం వీల్లేదు! నడుం భగ్గున మండింది. మడమలు తిమ్మిరెక్కాయి. ఎక్కణ్ణుంచో మాడు వాసన. చూస్తే, వంటవాడు కూడా తమాషా చూడ్డానికొచ్చి ఇరుక్కుపోయాడు!

"అమ్మో! ఎవరైనా నన్ను పక్కకి తిప్పండర్రా!"

"తిప్పితే నయమవుతుందా ప్రభూ?" అన్నాడు బొల్లప్ప.

బొల్లప్ప సైగ చేస్తే, కొలువులో ఓ పక్కన నిలబడ్డ కాటమ్మ వచ్చి, ఆయన్ని నెమ్మదిగా పక్కకి తిప్పి, వీపు కింద దిండు పెట్టి, మొహం తుడిచింది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది!

"తమరొక్కరు పడుకుంటే ఇంతమంది పని ఆగిపోయింది," అన్నాడు బొల్లప్ప. " మాచమ్మ ఇంట్లోనూ అంతే. కాటమ్మ వెళ్లకపోతే మొగుడూ కొడుకూ మగ్గాలు దిగి మంచం పక్కనే కూర్చోవాలి. కాటమ్మ జీతం రోజుకు మానెడు జొన్నలు."

"మానెడేనా?" రాజు నోరు వెళ్లబెట్టాడు. తర్వాత తన తెలివికి తానే పడీ పడీ నవ్వాడు. ఆజ్ఞ రద్దు చేసి, మెడలో హారం తీసి బొల్లప్ప మెడలో వేశాడు. హాయిగా ఒళ్లు విరుచుకుని లేచి నిలబడ్డాడు.

"మాచమ్మ కూడా ఇలా..." అనబోయి ఆగాడు.

"ఆవిడ లేవదు ప్రభూ."

రాజు నవ్వు ఆగిపోయింది. కాటమ్మవైపు తిరిగాడు.

"ఇకనుంచి ఆవిడ దగ్గరికి రెండుపూటలా వెళ్లు తల్లీ."