నాంచారి గుంట

అనగనగా నల్లగుట్టల నడుమ గువ్వలకోన అని ఒక ఊరుండేది తల్లీ. ఊఁ కొడుతూ విను మరి. ఇది తెల్లదొరల కాలం నాటి మాట.

ఆ ఊళ్ళో కొళాయిల్లేవు, మోటార్లు లేవు. కానీ నీళ్ళకు ఎన్ని పేర్లో! కొండరాళ్ళ సందులోంచి చెమర్చేది ఊట. కొండ దిగి ఏట్లో కలిసే చిన్న వాగు వంక. దాని ఇసుకలో చేత్తో గుంత తోడితే ఊరేది చెలమ. గేదెలు మునిగి పడుకునేది మడుగు. బట్టలుతుక్కునేది కుంట. వీటన్నిటికీ పెద్దమ్మలాంటిది ఊరి చెరువు.

ఆ చెరువును కాచుకునేవాడు ఓబులేసు. అలాంటివాణ్ణి నీరుగంటి అంటారు. తూము ఎప్పుడెత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలి, అంతా ఆయన చూసుకోవాలి. మాటలు తక్కువ మనిషి. భార్య పోయింది. ఒక్కగానొక్క కూతురు నాంచారి, పదకొండేళ్ళ పిల్ల.

ఊరంతటికీ ఇంగ్లీషు ముక్కలు తెలిసింది నాంచారికే. పక్కూరి బడిలో రూతమ్మ టీచరమ్మ నేర్పింది. టీచరమ్మకు దూరం బదిలీ అయినప్పుడు, అట్ట ఊడిపోయిన తన డిక్షనరీని నాంచారి చేతిలో పెట్టి, "ఇక నీకు తెలియనివి దీన్నడుగు" అని చెప్పి బండెక్కింది. నాంచారి ఆ పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, తలకింద పెట్టుకుని పడుకునేది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చెరువు గట్టు అంచుదాకా నిండింది. అప్పుడొకరోజు ఓబులేసు గట్టు అవతలి వైపు కింద తడి చూశాడు. వేలుపెట్టి తడిమాడు. సన్నగా నీళ్ళు ఊరుతున్నాయి.

"నాయనా, భయమా?" అనడిగింది నాంచారి.

"నీళ్ళు తేటగా ఉన్నాయి గదమ్మా. తేటగా ఊరితే భయం లేదు. బురదగా వస్తే మాత్రం గట్టు లోపల కరిగిపోతా ఉన్నట్టు" అన్నాడు ఓబులేసు.

ఆయన వెళ్ళి ఊరి పెద్ద సిద్ధారెడ్డికి చెప్పాడు. సిద్ధారెడ్డి నాంచారిని పిలిచి, "ఏమ్మీ, పట్నంలో దొరలకు ఇంగ్లీషులో ఒక అర్జీ రాయి. గట్టులో ఊట పుట్టింది, వచ్చి బాగుచేయించమని రాయి" అన్నాడు.

నాంచారి దీపం దగ్గర కూర్చుని డిక్షనరీ తిప్పింది. ఊట అంటే 'స్ప్రింగ్' అని ఉంది. అప్పుడు ముత్యాల్లాంటి అక్షరాలతో, 'మా ఊళ్ళో స్ప్రింగు చెడ్డగా ఉంది, బాగుచేయించండి' అని రాసింది. సిద్ధారెడ్డి వేలిముద్ర వేసి పంపించాడు.

పది రోజులకు ఒకాయన వచ్చాడు. కళ్ళజోడు, చేతిలో చిన్న పెట్టె, పెట్టెలో సూదులంత పనిముట్లు. "గడియారం ఎక్కడుంది?" అనడిగాడు.

ఊరివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గువ్వలకోనలో గడియారమే లేదు. ఎండను చూసే టైము చెప్పుకునేవాళ్ళు.

"స్ప్రింగు పోయిందని రాశారు గదయ్యా!" అని విసుక్కుని, మజ్జిగ తాగి, ఆయన వచ్చిన దారినే పోయాడు.

నాంచారి సిగ్గుతో ఇంట్లోకి పోయి మళ్ళీ పుస్తకం తీసింది. చూస్తే, స్ప్రింగ్ అంటే ఊట ఒక్కటే కాదు. గడియారంలో చుట్టుకుని ఉండే తీగా స్ప్రింగే. చెట్లు చిగురేసే కాలమూ స్ప్రింగే. ఎగిరి దూకడం కూడా స్ప్రింగే!

"ఒక్క మాటను ఇంతమంది పంచుకుంటే ఎట్లా నాయనా?" అంది కళ్ళనీళ్ళతో. ఓబులేసు కూతురి తల నిమిరి గట్టుమీదికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత గట్టు కింద తడి చాపంత అయింది. నీళ్ళు బియ్యం కడుగులా తెల్లగా వస్తున్నాయి. నాంచారి రెండో అర్జీ రాసింది. ఈసారి ఊట మాటే ఎత్తలేదు. చెరువు అంటే 'ట్యాంకు' అని పుస్తకంలో ఉంది. 'మా ట్యాంకు కారుతోంది, త్వరగా మనిషిని పంపండి' అని రాసింది.

వారానికే మనిషి వచ్చాడు. భుజాన తిత్తి, సంచిలో బొగ్గులు, రేకు ముక్కలు. డబ్బాలకు, బిందెలకు మాట్లు వేసేవాడు!

"రేకు ట్యాంకు అన్నారు. చిల్లు ఎంతుంది? రూపాయంతా, అరచెయ్యంతా?" అన్నాడు పాపం, మంచివాడే.

పిల్లలు పకపకా నవ్వారు. పెద్దవాళ్ళకు నవ్వు రాలేదు. సిద్ధారెడ్డి కోపంగా, "ఓబులేసూ, నీ కూతురి ఇంగ్లీషు మన కొంప ముంచేట్టుంది" అన్నాడు నలుగురిలో.

ఓబులేసు తల దించుకున్నాడు. నాయన తల దించుకోవడం నాంచారి అదే మొదటిసారి చూసింది. ఆ రోజు అన్నం ముట్టలేదు తల్లీ ఆ పిల్ల.

అప్పుడు మబ్బులు మళ్ళీ కమ్ముకున్నాయి. నాంచారి మూడో అర్జీకి కూర్చుంది. ఊట వద్దు, చెరువు వద్దు, గట్టు పేరే రాద్దామనుకుంది. గట్టు అంటే 'బ్యాంకు' అని ఉంది. 'మా బ్యాంకు బద్దలయ్యేట్టుంది. ప్రాణాలు పోతాయి. పరుగున రండి' అని రాసింది. ఈసారి సిద్ధారెడ్డి నమ్మకం లేకుండానే వేలిముద్ర వేశాడు.

మూడోనాడు పొద్దున్నే వాన మొదలైంది. ఆ వానలో ఇద్దరు పోలీసులు సైకిళ్ళమీద తడిసి ముద్దయి వచ్చారు. వాళ్ళలో పెద్దాయన పేరు మస్తాను. దిగుతూనే లాఠీ తీసి, "బ్యాంకు ఎక్కడ? దొంగలు ఎంతమంది?" అని కేక వేశాడు.

సిద్ధారెడ్డి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. జనం నాంచారి వైపు తిరిగారు. మునుపైతే ఆ పిల్ల పరిగెత్తి డిక్షనరీ తెచ్చుకునేది. ఇప్పుడు అలా చెయ్యలేదు. మస్తాను చెయ్యి పట్టుకుంది. "రండయ్యా, చూపిస్తా" అని ఆ వానలో గట్టు కిందికి లాక్కుపోయింది. ఆయన అరచేతిని తీసుకుని తడినేల మీద పెట్టింది.

నీళ్ళు ఎర్రగా, చిక్కగా, బురదగా ఆయన వేళ్ళ మధ్యనుంచి ఉబికాయి.

"ఇదేనయ్యా మా బ్యాంకు" అంది నాంచారి. "దీనికింద మా పొలాలున్నాయి. ఆ కనిపించే గుడిసెల్లో డెబ్బైమంది ఉన్నారు. మా నాయన రోజూ ఈ గట్టు మీదే పడుకుంటాడు."

మస్తాను వాగు పక్క ఊళ్ళో పుట్టినవాడు. బురదనీళ్ళంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. లాఠీ పక్కన పడేశాడు, బెల్టు విప్పాడు, ఈల తీసి ఊదాడు చూడు! ఆ ఈలకు ఊరంతా కదిలింది.

అప్పుడు ఓబులేసు గొంతు విప్పాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి గట్టుమీద నిలబడి, "గడ్డి తెండి! రాళ్ళు తెండి! మన్ను తవ్వండి!" అని కేకలు వేశాడు. గుడిసెల్లోని ముసలివాళ్ళను, పసివాళ్ళను గుట్టమీదికి ఎక్కించారు. తూము పూర్తిగా ఎత్తేశారు. ఊరి పక్కన ఖాళీ మిట్టలో మన్ను తవ్వి, గంపల్లో వరసగా చేతులు మార్చుకుంటూ తెచ్చి, ఊరే చోట గడ్డి పరిచి, రాళ్ళు పేర్చి, ఆపైన మన్ను పోసి, గట్టిపడేలా దిమ్మిసాకొట్టారు. సిద్ధారెడ్డి కూడా పంచె ఎగ్గట్టి గంప అందుకున్నాడు. ఆయన పక్కన గంప అందిస్తున్నది నాంచారే.

పొద్దు వాలేసరికి బురద ఆగింది. ఆ తర్వాత సన్నగా, తేటగా నాలుగు చుక్కలు కారాయి. ఓబులేసు ఆ నీళ్ళు దోసిట్లో పట్టి చూసి, గట్టుమీద కూలబడి ఏడ్చాడు. కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు.

ఆ తర్వాత నెలకు ఇంజనీరు దొర గుర్రమెక్కి స్వయంగా వచ్చాడు. మస్తాను ఆయనకు అంతా చెప్పాడట. మూడు అర్జీలూ ఆయన జేబులోనే ఉన్నాయి. వాటిని చదివి కచేరీలో నవ్వుకున్నాం అని వచ్చీరాని తెలుగులో ఒప్పుకుని, టోపీ తీసి ఓబులేసుకు నమస్కారం పెట్టాడు. గట్టుకు రాతికట్టు మంజూరైంది.

దొర తన పటంలో ఊరి నీళ్ళన్నీ గుర్తు పెట్టుకోవాలన్నాడు. నాంచారి ముందు నడిచింది. చెలమ దగ్గర ఆగితే దొర, "దీన్ని పాండ్ అని రాయనా, పూల్ అని రాయనా?" అన్నాడు.

"రెండూ కాదు. చెలమ అని రాసుకోండి" అంది నాంచారి. దొర ఇసుకలో కూర్చుని ఒక దోసెడు తాగాడు. తాగి, తడిచేత్తోనే పటం మీద 'చెలమ' అని తన భాష అక్షరాల్లో రాసుకున్నాడు. అలాగే మడుగు, అలాగే కుంట, అలాగే వంక.

చివరికి ఊరి పక్క మిట్టకు వచ్చారు. ఆ రోజు మన్ను తవ్విన చోట పెద్ద గుంత పడింది కదా, అందులో వాననీళ్ళు నిండి మిలమిలా మెరుస్తున్నాయి. అప్పుడే ఒక కొంగ కూడా వచ్చి ఒంటికాలిమీద నిలబడింది.

"మరి దీని పేరు?" అన్నాడు దొర.

నాంచారికి తెలియలేదు. నిన్నమొన్నటిదాకా అక్కడ నీళ్ళే లేవాయె. అందరూ ఓబులేసు వైపు చూశారు. నీళ్ళ సంగతి నీరుగంటే చెప్పాలి.

ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. "నాంచారి గుంట" అన్నాడు. "అట్లా రాసుకోండి దొరా."

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. నాంచారికి పెళ్ళయింది, దూరం పోయింది, పిల్లలు పుట్టారు, జుట్టు నెరిసింది. కొళాయి తిప్పితే నీళ్ళొచ్చే ఊళ్ళో కాపురం. అక్కడ నీళ్ళకు నీళ్ళనే పేరు తప్ప ఇంకో పేరు లేదు. ఎప్పుడైనా నిద్ర పట్టకపోతే ఊట, చెలమ, మడుగు, కుంట, వంక అని లోపల్లోపల పలుక్కునేది.

ముసలితనంలో ఒకసారి గువ్వలకోన చూడాలనిపించి వెళ్ళింది. తెలిసినవాళ్ళెవరూ లేరు. చెలమ పూడిపోయింది. మడుగు ఎక్కడుందో అడిగినా చెప్పలేకపోయారు. కాళ్ళు పీకి ఒక గుంట పక్కన కూలబడింది. అక్కడ నీ అంత పిల్ల బిందె ముంచుకుంటోంది.

ఆ పిల్ల దగ్గరికొచ్చి, "దప్పికా అవ్వా? పట్టు దోసిలి. ఇవి నాంచారి గుంట నీళ్ళు, చానా తియ్యగుంటాయి" అంది.

"నాంచారి అంటే ఎవరమ్మా?" అనడిగింది అవ్వ.

"ఏమో అవ్వా. గుంట పేరే అంత" అంది ఆ పిల్ల.

అవ్వ నవ్వి దోసిలి పట్టింది. కడుపునిండా తాగింది. తన పేరు మాత్రం చెప్పలేదు తల్లీ.

ఊట కొండకి, వంక ఏటికి,
మడుగు గేదెకి, గుంట కొంగకి,
చెలమ నీళ్ళు చిట్టితల్లికి,
కథేమో కదిలెను కంచి దారికి,
కళ్ళేమో కదిలెను నిద్ర ఊరికి.